పాత వాల్వు రేడియో మళ్ళీ పలికేనా?

మీ ఇంట్లో అటక మీద గానీ, ధాన్యపు గది మూలన గానీ, చేతి అల్లిక గుడ్డ కప్పుకొని ఒక పాత రేడియో కూర్చొని ఉన్నదా? ఉంటే, ఈ వ్యాసం చదివి ముగించేవరకు దయచేసి దాని ప్లగ్గు కరెంటులో పెట్టకండి. నేను పెట్టాను. పెట్టిన పాపానికి నాలుగు నెలలపాటు యాకుత్‌పురా గల్లీల వెంట తిరిగాను.

సంగతి ఏమిటంటే, మెదక్ వైపు ఒక పల్లెలో మా సంఘానికి చెందిన పెద్దమ్మ ఒకామె ఉన్నారు. ఆమె భర్త బడిపంతులు. ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో అప్పు చేసి ఆ రేడియో కొన్నారట. సాయంత్రం ప్రాంతీయ వార్తల వేళకు వాకిలి నిండా జనం. రాత్రి భోజనాలయ్యాక షార్ట్‌వేవ్ తిప్పి సిలోన్ పాటలు, సేషెల్స్ దీవుల నుండి వచ్చే ఫీబా రేడియో తెలుగు కార్యక్రమాలు వినేవారు. (ఆ దీవుల నుండి ఫీబా ప్రసారాలు 1970లో మొదలై 2003లో ఆగిపోయాయి.) పంతులుగారు నిద్రించి చాలా ఏండ్లయింది. రేడియో వెనుక సంచిలో పోస్టాఫీసు వారి లైసెన్సు పుస్తకం, అందులో ఏడాదికొకసారి అంటించిన బిళ్ళలు అట్లాగే ఉన్నాయి. రేడియో వినడానికి కూడా ఒకప్పుడు లైసెన్సు కట్టేవారమని మన పిల్లలకు చెబితే నవ్వుతారు.

నిరుడు క్రిస్మస్‌కు ముందు గృహదర్శనానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ అడిగారు: "మా ఆయన పోయినకాడి నుంచి ముట్టలేదు అయ్యగారూ. ఒక్కపారి మోగుతదేమో చూడరాదుండ్రీ." గుడిలో మైకు సెట్టు నాలుగుసార్లు బాగుచేసిన ధైర్యం నాది. దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టాను. ఒక నిమిషం ఏమీ లేదు. తరువాత డయలు దీపం వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. లోపలినుండి గుంయ్‌మని మోత మొదలై పెరుగుతూ పోయింది. నేను స్టేషను కోసం చెవి తిప్పుతూ ఉండగానే లక్క కాలిన వాసన, వెనుక అట్టకున్న రంధ్రాలలోనుండి పొగ. ప్లగ్గు పీకేసరికే ఆలస్యమైంది.

ఎవరూ మాట్లాడలేదు. పెద్దమ్మే అన్నారు, "పోనీయుండ్రి అయ్యగారూ, దానికీ వయసైంది." ఆమె కొడుకు మాత్రం, పట్నంలో లోపలి సామానంతా పీకేసి కొత్త బోర్డు బిగించి ఇస్తారనీ, డబ్బా అట్లాగే ఉంటుందనీ, సెల్‌ఫోను పాటలు కూడా వస్తాయనీ చెప్పాడు. ఆమె దానికి ఔననలేదు, కాదనలేదు. నేనే సిగ్గుపడి, "కొంచెం గడువియ్యండి పెద్దమ్మా" అని రేడియోను దుప్పటిలో చుట్టి తెచ్చుకున్నాను.

పాతబస్తీకే ఎందుకు పోయానంటే, వాల్వు రేడియో పని తెలిసినవారు అక్కడ ఇంకా ఉన్నారని విన్నాను. పాతబస్తీలోని మహబూబ్ రేడియో సర్వీస్ అనే దుకాణం గురించి పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఇది ఆ నగరానికి కొత్త విద్య కాదు. హైదరాబాదు రాజ్యంలో దక్కన్ రేడియో అని సొంత స్టేషను ఉండేది. నిజాం ప్రభుత్వం దానిని 1935లో తన చేతిలోకి తీసుకొని నడిపింది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. అందుచేత రేడియోలూ, వాటిని బాగుచేసేవారూ ఆ గల్లీలలో మన పల్లెలకు కరెంటు రాకముందే ఉన్నారు.

ఎం.ఎం.టి.ఎస్. రైలులో మలక్‌పేట, దబీర్‌పురా దాటి యాకుత్‌పురా స్టేషనులో దిగాను. పూర్వం హైదరాబాదు కోటగోడకున్న దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. ఇప్పుడు పేరే మిగిలింది. పొరుగున ఉన్న దబీర్‌పురా దర్వాజా మాత్రం నిలిచి ఉన్నది. వాకబు చేస్తూ పోగా, ఒక సన్నని గల్లీలో, ఇంటి ముందరి గదిలోనే పనిచేసుకునే ఒక ముసలి ఉస్తాద్ దొరికాడు. బయట బోర్డు లేదు. లోపల గోడ పొడవునా నోళ్ళు తెరుచుకున్న రేడియోలు. ఆయన పేరు వ్రాయవద్దన్నాడు గనుక వ్రాయడం లేదు.

దుప్పటి విప్పాను. ముందర కంపెనీ పేరుపట్టీ ఎప్పుడో ఊడిపోయింది, రెండు మరల గుంటలే ఉన్నాయి. ఉస్తాద్ పేరు అడగలేదు. వెనుక అట్ట తీసి, ముక్కు పెట్టి వాసన చూశాడు.

"పాస్టర్ సాబ్, దీనికి బుఖార్ రాలేదు. మీరు తెప్పించిన్రు."

జరిగినదేమిటో ఆయన నాకు చెప్పిన వరుసలోనే మీకూ చెబుతాను, ఎందుకంటే పాత సెట్లలో తొంభై పాళ్ళు ఇదే కథ నడుస్తుంది. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల ఒక సన్నని తీగ కాగి, ఆ వేడికి కాథోడ్ నుండి ఎలక్ట్రానులు బయలుదేరి, దాదాపు 250 వోల్టులున్న ప్లేటు వైపు పరుగెత్తుతాయి. మధ్యన గ్రిడ్డు అనే జల్లెడ ఉంటుంది. స్టేషను నుండి వచ్చిన చిన్న సంకేతాన్ని ఆ గ్రిడ్డుకు అందిస్తే, పెద్ద ప్రవాహం దాని ప్రకారం హెచ్చుతగ్గులవుతుంది. మా సెట్టులో అయిదు వాల్వులు. చివరిది, స్పీకరును మోగించేది, ఇ.ఎల్.84. దాని గ్రిడ్డుకూ దాని ముందున్న వాల్వు ప్లేటుకూ నడుమ ఒక చిన్న కాగితపు కండెన్సరు ఉంటుంది, 0.01 మైక్రోఫారడ్. సంకేతాన్ని పోనిచ్చి, హై వోల్టేజిని ఆపడం దాని పని. ఇంత పెద్ద పెట్టెలో దానిపాటి కాపలావాడు లేడు. మైనం పూసిన కాగితం దశాబ్దాలు తేమ పీల్చుకుంటే కాపలా సడలుతుంది, వోల్టులు కారుతాయి. గ్రిడ్డు మీదికి రాకూడని పాజిటివ్ వోల్టేజి వస్తుంది. ఇ.ఎల్.84 ఇక పట్టపగ్గాలు లేకుండా కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా పోయే దారి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. అందులోని తీగ తలవెంట్రుక కంటే కాస్త లావు, అంతే. అది కాలిపోయింది. అది తెగిన తరువాత కూడా వాల్వు ఊరుకోలేదు. ప్లేటుకు దారి లేదు గనుక కరెంటు స్క్రీను గ్రిడ్డు మీద పడి దానినీ ఎర్రగా కాల్చింది. అంటే అణా ఖరీదు లేని కాగితపు ముక్కను నేను ముందుగా చూసుకోనందుకు ట్రాన్స్‌ఫార్మరూ పోయింది, వాల్వూ పోయింది.

ఉస్తాద్ మొదట చేసిన పని సీరీస్ బోర్డు తీయడం. ఇది మన పల్లెల్లో మోటారు మెకానిక్కులకు కూడా తెలిసినదే. రేడియోకు వెళ్ళే తీగలో ఒకదానికి అడ్డంగా 60 వాట్ల బల్బు. సెట్టులో ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, రేడియో బతుకుతుంది. షార్టు లేకపోతే మసకగా వెలుగుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్.ఇ.డి. దీనికి పనికిరాదు. ఇరవై రూపాయల ఈ ఏర్పాటు ఆ రోజు నా చేతిలో ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

గుంయ్‌మని మోత వచ్చింది చూశారూ, అది ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ల పాపం. అల్యూమినియం డబ్బాలో 50, 50 మైక్రోఫారడ్లవి రెండు. వాటి లోపలి పలచని ఆక్సైడు పొరే వోల్టేజికి అడ్డు. ఏండ్ల తరబడి వాడకపోతే ఆ పొర క్షీణిస్తుంది, లోపలి ద్రవం ఎండుతుంది. ఒక్కసారిగా నిండు కరెంటు ఇస్తే అవి కాగి పేలిపోవచ్చు కూడా. వాటి స్థానంలో 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి కొత్తవి ఛాసిస్ కింద పెట్టాడు. పాత డబ్బాను చూపు కోసం పైన అట్లాగే ఉంచి, దాని తీగలు మాత్రం విడదీశాడు. విడదీయక పక్కన కొత్తది అతికిస్తే పాతది కారుతూనే ఉంటుంది. మోత బాగా తగ్గాలని 100, 220 పెట్టేవారున్నారట. మా సెట్టులోని ఇ.జెడ్.80 రెక్టిఫయరు వాల్వుకు మొదటి కండెన్సరు 50కి మించకూడదు. మించితే ప్రతి విడత నింపుడుకూ వాల్వు మీద దెబ్బ పడుతుంది.

అప్పుడు కాలిన ఇ.ఎల్.84 ను పీకి, దాని సాకెట్టులో గ్రిడ్డు కాలి దగ్గర మీటరు పెట్టి నాకు చూపించాడు. సున్నా ఉండవలసిన చోట 21 వోల్టులు. "చూసిన్రా దొంగని," అన్నాడు.

కాగితపు కండెన్సర్లన్నీ తీసి పాలియెస్టరువి, 630 వోల్టులవి వేశాడు. రెసిస్టెన్సులలో కార్బనువి కాలం గడిచేకొద్దీ విలువ పెరుగుతాయి. ఎరుపు, ఎరుపు, పసుపు చారలున్నది 2,20,000 ఓములు చూపాలి, మాది 3,90,000 చూపింది. నాలుగు మార్చాడు. కరెంటు తీగ రబ్బరు పట్టుకుంటే పొడిపొడిగా రాలింది, అదీ మార్చాడు. మెయిన్స్ తీగల మధ్య ఉండే కండెన్సరు విషయంలో మాత్రం గట్టిగా చెప్పాడు: అక్కడ ఏదంటే అది వేయరాదు, ఎక్స్2 అని ముద్ర ఉన్న రకమే వేయాలి, లేదంటే నిప్పంటుకోవచ్చు.

అసలు పని ట్రాన్స్‌ఫార్మరు. కొత్తది దొరకదా అన్నాను. దొరుకుతుంది గానీ ఈ చోటులో ఇమడదు అన్నాడు. ఇనుప రేకులు ఒక్కొక్కటి విప్పి, బాబిన్ బయటికి తీశాడు. పైన ఉన్న లావు తీగ, అంటే స్పీకరుకు వెళ్ళే సెకండరీ, బాగానే ఉన్నది. నన్ను లెక్కపెట్టమని చెప్పి విప్పాడు. తొంభై చుట్లు. కింద ప్రైమరీ నల్లని ముద్ద, లెక్కకు రాదు. ఎన్ని చుట్లు వేయాలో ఎట్లా తెలుస్తుంది? లైసెన్సు పుస్తకం వెనుక అట్ట మీద (నాకు ప్రాణం ఉసూరుమన్నది, కాని ఆయన పెన్సిలుతోనే వ్రాశాడు) లెక్క వేశాడు. ఇ.ఎల్.84 తన ముందర 5200 ఓముల బరువు కోరుతుంది. స్పీకరు 5 ఓములు. భాగిస్తే 1040. దాని వర్గమూలం సుమారు 32. సెకండరీ తొంభై గనుక, తొంభై ముప్పైరెండ్లు 2880 చుట్లు. వేదాంత పాఠశాలలో డిప్లొమా చేసిన నాకు వర్గమూలం అంత పనికివస్తుందని ఆ రోజే తెలిసింది.

చేతితో తిప్పే చుట్టుడు మిషను, దానికొక లెక్కల గడియారం. 38 గేజీ ఎనామెలు తీగ. ఒక వరుస అయిన వెంటనే పలచని కాగితం, మళ్ళీ వరుస. ఎడమచేతి వేళ్ళ మధ్య తీగ జారుతూ ఉంటుంది. మరీ బిగిస్తే తెగుతుంది, వదులైతే వరుస మీద వరుస ఎక్కి పక్కకు జారుతుంది. నేను ఊరికే కూర్చోలేక, పల్లె సంగతులు, పంతులుగారి సంగతులు చెబుతూ ఉన్నాను. గడియారం 1900 దాటింది. నేనేదో అడిగాను, ఆయన తల తిప్పాడు, తీగ తెగింది.

"అతుకు వేయరాదా ఉస్తాద్?"

"వేయొచ్చు. నడుస్తది. ఎన్నాళ్లు నడుస్తదో నేను చెప్పలేను."

అన్నీ విప్పి మొదటినుండి మొదలుపెట్టాడు. ఆ పూట నేను మరి నోరు తెరవలేదు. మధ్యాహ్నం నమాజుకు ఆయన మసీదుకు పోయి వచ్చేవరకు గదిలో కావలి ఉన్నాను. సాయంత్రానికి 2880 పూర్తయ్యాయి. మీటరు 300 ఓముల దగ్గర నిలిచింది.

రేకులు తిరిగి అమర్చడంలో ఒక మర్మమున్నది. ఇది తెలియక చాలామంది పని చెడగొడతారట. మామూలు ట్రాన్స్‌ఫార్మరులో 'ఇ' ఆకారపు రేకులూ 'ఐ' ఆకారపు రేకులూ అటొకటి ఇటొకటి కలిపి అల్లుతారు. దీనిలో అట్లా చేయకూడదు. 'ఇ'లన్నీ ఒక వైపు, 'ఐ'లన్నీ ఒక వైపు, నడుమ ఒక పలచని కాగితపు ముక్క. ఈ తీగలో పాటతోపాటు ఎప్పుడూ 48 మిల్లీఆంపియర్ల నిలకడ కరెంటు పారుతూ ఉంటుంది. ఆ ఎడం లేకపోతే ఇనుము అయస్కాంత శక్తితో ముందే నిండిపోయి, పాటకు చోటుండదు. మోత గరుకుగా, బొంగురుగా వస్తుంది. ఆ కాగితం ఎంత మందమో ఉస్తాద్ కొలవలేదు. పాతది తీసినప్పుడు దాన్ని పారేయకుండా ఒక డబ్బీలో దాచాడు, అదే మళ్ళీ పెట్టాడు.

ఇ.ఎల్.84 కోసం కోఠీలో గుజరాతీ గల్లీ, తరువాత ఒక గురువారం జుమ్మేరాత్ బజారు తిరిగాను. ఈ వాల్వు గిటారు యాంప్లిఫయర్లలో వాడతారు గనుక రష్యాలో, స్లొవేకియాలో నేటికీ తయారవుతున్నది. ఇ.సి.హెచ్.81 వంటివి ఇప్పుడు చేసేవారు లేరు, పాత నిల్వలే గతి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961 నుండి రేడియో వాల్వులు చేశారు. ఆ కంపెనీ పెట్టెలు పాత దుకాణాల అరల్లో ఇప్పటికీ కనబడతాయి. నాకు అట్లాంటి పెట్టెలోనే ఒకటి దొరికింది. అమర్చాక కాథోడ్ రెసిస్టెన్సు మీద మీటరు 7 వోల్టుల చిల్లర చూపింది. "ఇప్పుడు ఇది తన తిండి తాను తింటున్నది," అన్నాడు ఉస్తాద్.

స్పీకరు కాగితపు శంఖాన్ని ఎలుక ఒక వైపు కొరికింది. పలచని టిష్యూ కాగితం, నీళ్ళు కలిపిన ఫెవికాల్, ఒకే ఒక పొర. మందంగా పూస్తే శంఖం బిగుసుకొని గొంతు మారుతుంది. బ్యాండు స్విచ్చికి గరుకుకాగితం పెట్టనివ్వలేదు, పైనున్న వెండి పూత పోతుందని. ఐసోప్రొపైల్ ఆల్కహాలు చుక్కలు వేసి ముప్పైసార్లు తిప్పాడు. లోపల అల్యూమినియం డబ్బీలలో ఉండే ఐ.ఎఫ్. కాయిళ్ళ మరలు, వదులుగా ఉన్నాయనుకొని, బిగించబోయాను. నా చేయి పట్టుకున్నాడు. అవి బిగించే మరలు కావు, 455 కిలోహెర్ట్జ్‌కు శ్రుతి చేసిన మరలు. వీణ బిరడాలు వదులుగా ఉన్నాయని బిగిస్తామా?

అన్నిటికంటే నేను భయపడింది డయలు అద్దం విషయంలో. దాని మీద పంతులుగారు ఎర్ర రంగుతో పెట్టిన మూడు చుక్కలున్నాయి. మీడియంవేవ్ మీద ఒకటి, షార్ట్‌వేవ్ మీద రెండు. స్టేషన్ల పేర్లు అద్దం వెనుక వైపున అచ్చువేసి ఉంటాయి, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఊడివస్తాయి. దుకాణంలోని కుర్రవాడు తడిగుడ్డ తీసుకోగానే ఉస్తాద్ గట్టిగా అరిచాడు. ఆ అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను. ముందు వైపు మాత్రం పొడి గుడ్డతో, చుక్కలకు ఒక అంగుళం దూరంలో తుడిచారు. ముల్లును లాగే దారం తెగి ఉన్నది. కొత్తది చుట్టి ముల్లును సరైన చోట నిలపడానికి రెండు గంటలు పట్టింది.

కొత్త బోర్డు వేయించుకునే సంగతి కూడా ఆయనను అడిగాను. కోపపడలేదు. వేసి ఇస్తాను, రెండు గంటల పని, మీకు ఖర్చు కూడా తక్కువ, అన్నాడు. తరువాత గోడ మీది ఒక డబ్బా చూపించాడు. అందమైన టేకు పెట్టె. లోపల అరచేయంత పచ్చ బోర్డు, మిగిలినదంతా ఖాళీ. ఆ బోర్డు చెడిపోయి తిరిగి వచ్చిందట. అట్లాంటి బోర్డు మళ్ళీ దొరకలేదు, పాత ఛాసిస్ ఎప్పుడో పాతసామాన్ల వాడికి పోయింది. నా మటుకు నేను, ట్రాన్స్‌ఫార్మరూ వాల్వులూ చుట్టి, వెతికి, మార్చగలిగినంత కాలం లోపలిది పీకేయకూడదనే అంటాను. మోటుగా ఉన్నా, ఆ యంత్రం ప్రతి ముక్కనూ విడిగా విప్పి మార్చుకొమ్మనే విధంగా కట్టారు.

పల్లెలోని కుటుంబాలకు ఒక ముఖ్యమైన మాట. పాత సెట్లు రెండు రకాలు. మాది మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది. కొన్నిటికి అది ఉండదు, ఎ.సి.కీ డి.సి.కీ నడిచేటట్లు చేశారు. వాటి వాల్వుల పేర్లు 'యు' అక్షరంతో మొదలవుతాయి: యు.సి.హెచ్.81, యు.ఎల్.84 వంటివి. వాటిలో ఛాసిస్ ఇనుమే నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఆ ఇనుము ముట్టినవాడు లేవడు. గుండీ ఊడి లోపలి కడ్డీ కనబడుతున్నా ముట్టవద్దు. ప్లగ్గు పీకిన తరువాత కూడా, ఏ రకం సెట్టయినా, కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. తెలిసినవారి దగ్గరికే తీసుకుపోండి, పిల్లలను వెనుక అట్ట దగ్గరికి రానివ్వకండి.

ఖర్చు మూడు వేల అయిదు వందలైంది. అది నేనే పెట్టుకున్నాను, నా తప్పు గనుక. కాలిన పాత తీగముద్దను ఉస్తాద్ ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చాడు, "మీ దగ్గరే ఉంచుకోండి సాబ్" అని. అది నా బల్ల సొరుగులో ఉన్నది.

రేడియో తీసుకొని పల్లెకు పోయినప్పుడు చీకటి పడింది. పెద్దమ్మ కొడుకు వేపచెట్టు నుండి దూలానికి ఏరియలు తీగ కట్టాడు. ఈసారి సీరీస్ బల్బు నేనే వెంట తెచ్చాను. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కిందటిసారి సంగతి పిల్లలకు గుర్తున్నది. వాల్వులు కాగేవరకు అందరమూ వెనుక రంధ్రాలవైపే చూస్తున్నాము. తరువాత లోపలినుండి గరగర వచ్చింది.

"గట్లనే," అన్నారు పెద్దమ్మ. "ముందుగాల గట్లనే గొంతు సవరిచ్చుకునేది."

చెవి తిప్పబోయి, ఆగి, ఆమెను తిప్పమన్నాను. ఆమెకు కంటిచూపు తక్కువ. డయలు దీపం వెలుగులో ముల్లు మెల్లగా పోయి మీడియంవేవ్ ఎర్ర చుక్క కిందికి వచ్చింది. ఇంటి దీపాల రొద, సెల్ ఛార్జర్ల రొద మధ్య ఒక గొంతు లేచింది. కొడుకు పరుగెత్తి ఛార్జర్లు పీకాడు, ట్యూబులైటు ఆర్పాడు. గొంతు తేటపడింది. మేము చీకట్లోనే కూర్చున్నాము. కొంతసేపటికి పెద్దమ్మ అల్లిక గుడ్డ కోసం తడుముకున్నారు. వేడిగా ఉన్నప్పుడు కప్పకూడదు పెద్దమ్మా అని చెప్పి, దాన్ని మడిచి ఆమె ఒడిలో పెట్టాను.